కేకు తొమ్మిదింటికి కోస్తే పిల్లలు తినేదెప్పుడు?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. మా పాపకి ఈ నెలాఖరు శనివారం ఐదేళ్లు నిండుతాయి. కింద కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పార్టీ అనుకున్నాం. పిల్లలు పాతికమంది, పెద్దవాళ్లు ముప్పై ఐదు మంది దాకా వస్తారు. చికెన్ బిర్యానీ లేకపోతే అదేం పార్టీ అంటారు మావారు. కార్తీకమాసం, అందులోనూ శనివారం, నీసు ఎలా పెడతారమ్మా అంటారు అత్తయ్యగారు. ఆవిడ లెక్క పులిహోర, గారెలు, సేమ్యా పాయసం. పాపకైతే పిజ్జా, నూడుల్స్ తప్ప ఇంకో మాట లేదు. క్యాటరింగ్ అతను పదహారు ఐటమ్స్‌తో మెనూ పంపాడు, పిల్లలకి కూడా ఫుల్ ప్లేటు లెక్కే కట్టాడు, పైగా పీచు మిఠాయి స్టాలు, స్మోక్ బిస్కెట్ స్టాలు ఫ్రీ అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం పెట్టమంటారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మెనూ కాగితం కాసేపు పక్కన పెట్టి ముందు ఒక్క సంగతి చెప్పండి. కేకు ఎన్నింటికి కోస్తారు? పిలుపులో ఆరున్నర అని వేస్తాం, జనం రావడం ఏడున్నరకి మొదలవుతుంది, మేనమామ ట్రాఫిక్‌లో ఉన్నాడని ఓ అరగంట ఆగుతాం, ఫొటోగ్రాఫర్ లైట్లు సర్దుకోవడానికి ఇంకో పావుగంట, తీరా కేకు మీద కత్తి పడేసరికి ఎనిమిదిన్నర దాటిపోతుంది, ఆ తర్వాత అక్షింతలు, ఫ్యామిలీలవారీగా ఫొటోలు, అన్నీ అయ్యాక బఫే మూతలు తీస్తారు. ఐదేళ్ల పిల్ల రోజూ ఆ టైముకి తినేసి పక్క ఎక్కుతుంది. ఆకలికి ముందు పేచీ పెడుతుంది, కేకు రాగానే దాని మీది క్రీమంతా నాకేస్తుంది, ఇక అన్నం అంటే మొహం తిప్పేసుకుంటుంది. అసలు తిండి అక్కడే చెడిపోతోంది, మీరు పదహారు రకాలు పెట్టినా నాలుగు పెట్టినా ఆ వేళకి పిల్లలకి ఒకటే.

కాబట్టి పిల్లలకీ పెద్దలకీ వేర్వేరుగా రెండు భోజనాలు అనుకోండి. పిల్లలది ఏడుకల్లా మొదలై, కేకు కోయకముందే అయిపోవాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకి ప్లేటు తీసి ఉంచండి, అంతేగాని వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఎదురుచూడొద్దు.

పిల్లలకి బఫే అసలొద్దు. టేబుల్ అంచు సరిగ్గా వాళ్ల గడ్డం దాకా ఉంటుంది, డిష్‌లో ఏముందో కనపడదు, కనపడాలని మునికాళ్ల మీద లేచి చెయ్యి చాపితే కింద మంట వెలుగుతున్న వేడి గిన్నె. తల్లులు తమ ప్లేటు పక్కన పెట్టి పిల్లల వెనకాల తిరగాలి. మన చిన్నప్పటి పుట్టినరోజులు గుర్తున్నాయా? ఓ కేకు ముక్క, గుప్పెడు మిక్చర్, సమోసా, నాలుగు చిప్స్, అన్నీ ఒకే కాగితం ప్లేటులో పెట్టి వరుసగా కూర్చోబెట్టి చేతికిచ్చేవారు, పక్కన గ్లాసుడు రస్నా. ఎవరికేం కావాలని అడిగినవాళ్లూ లేరు, వద్దన్నవాళ్లూ లేరు. ఆ పద్ధతే మళ్లీ తీసుకురండి. కింద ఓ పెద్ద జంపఖానా పరిచి కూర్చోబెట్టి, సర్దిన ప్లేటు ఒళ్లో పెట్టేయండి. అన్నట్టు, వంగిపోయే పల్చటి పేపర్ ప్లేట్లు మాత్రం వద్దు, పెద్దవాళ్లకే చేతిలో నిలవవు.

ప్లేటులో ఏముండాలంటే, నెయ్యి రాసిన మినీ ఇడ్లీలు ఆరు, చీజ్ పిజ్జా ఒక ముక్క, ఒలిచిన కమలా తొనలు రెండు మూడు, కాసిని ఆలూ చిప్స్. అంతే. ఇడ్లీల మీద కారప్పొడి చల్లొద్దు, కావలసినవాళ్లకి పక్కన పెట్టొచ్చు. మీడియం పిజ్జాకి ఆరు ముక్కలొస్తే ఐదు పిజ్జాలు పాతికమందికి సరిపోయి ఇంకో ఐదు ముక్కలు చేతిలో ఉంటాయి. ఏడు గంటలకి వేడిగా చేరేలా ఆర్డర్ పెట్టండి, ఉల్లిపాయ, క్యాప్సికం, మిరప గింజలు ఏమీ లేకుండా చెప్పండి, లేకపోతే పాతికమంది పాతిక క్యాప్సికం ముక్కలు ఏరి మీ జంపఖానా మీదే పెడతారు. నూడుల్స్‌కి మాత్రం నేను ఒప్పుకోను. పట్టు పావడాలు, సాస్, వేలికి చుట్టుకునే నూడుల్స్, ఇక చెప్పక్కర్లేదు. పాపకి ఆదివారం ఇంట్లో చేసి పెట్టండి.

నీళ్లకి చిన్న బాటిళ్లు కొనకండి. ప్రతివాడూ మూత తీసి రెండు గుక్కలు తాగి ఎక్కడో పెట్టేసి ఇంకోటి అడుగుతాడు. జగ్గు, కప్పులు చాలు.

ఇక బిర్యానీ సంగతి. ఈసారి అత్తయ్యగారి పక్షమే నాది. ఆచారం ఎవరింటి ఇష్టం వాళ్లది గానీ, మీ ముప్పై ఐదుమందిలో కార్తీకం చేసేవాళ్లు, శనివారం తిననివాళ్లు, అసలే తిననివాళ్లు ఎందరున్నారో వేళ్ల మీద లెక్కేసి చూడండి, సగం దాటిపోతారు. రెండు రకాలూ పెడితే గరిటెలు అటూ ఇటూ మారాయేమోనని వాళ్లు రెండోవైపు కూడా ముట్టుకోరు. అపార్ట్‌మెంట్ అన్నాక అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు, వాళ్లు బయటి వంట తినరు కాబట్టి పళ్లు, పాలు విడిగా ఉంచండి. మీవారికి కార్తీకం వెళ్లాక ఓ ఆదివారం బిర్యానీ బాకీ.

అత్తయ్యగారి గారెలు, పాయసం పొద్దున ఇంట్లో చేయించండి. దేవుడికి నైవేద్యం పెట్టినట్టూ ఉంటుంది, పాపకి తలంటి కొత్త గౌను వేసి పాయసం నోట్లో పెట్టే ముచ్చటా తీరుతుంది, ఆవిడ మాటా నిలబడుతుంది. గారెలు సాయంత్రం హాల్లో పెడితే చల్లారి రబ్బరులా సాగుతాయి, పేరు చెడేది ఆవిడకే. పులిహోర మాత్రం సాయంత్రానికి భేషుగ్గా ఉంటుంది, పైగా చింతపండు పులుపుకి ఊరి ఇంకా రుచి పడుతుంది.

పెద్దవాళ్లకి బగారా అన్నం, గుత్తి వంకాయ కూర, ఓ పనీర్ కూర, పులిహోర, పెరుగన్నం, స్వీటు ఒకటి. పదహారు ఐటమ్స్‌లో జనం తినేది ఎలాగూ ఐదారే, మిగతావి ప్లేటులో ఒకదాని మీద ఒకటి కలిసిపోయి చెత్తబుట్టకి వెళ్తాయి. మనిషికి 150 గ్రాముల బియ్యం లెక్క వేసుకుంటే ముప్పై ఐదు మందికి ఐదుంబావు కిలోలు. బగారాకి 3 కిలోలు, పులిహోరకి కిలోంబావు, పెరుగన్నానికి 1 కిలో అనండి. పిల్లలకి విడిగా పెడుతున్నారు కాబట్టి క్యాటరింగ్ అతనికి ముప్పై ఐదు ప్లేట్లే అని గట్టిగా చెప్పండి. బేరం అక్కడే ఉంది, పాతిక ప్లేట్లు తగ్గితే మీ పిజ్జా, ఇడ్లీల ఖర్చు అందులోనే వెళ్లిపోతుంది.

కేకు ఎగ్‌లెస్ అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పి బిల్లు మీద రాయించండి. పిల్లలకి 80 గ్రాముల ముక్క అనుకుంటే 2 కిలోలు, పెద్దవాళ్లు రుచి చూడటానికి ఇంకో కిలో, మొత్తం 3 కిలోలు చాలు. పైన పెట్టే చక్కెర ముద్ద బొమ్మల బరువు కూడా ఆ మూడు కిలోల్లో కలిపి తూస్తున్నారేమో అడగండి. ఆ బొమ్మల్ని ఎవరూ తినరు.

ఇప్పుడు ఫ్రీ స్టాళ్లు. స్మోక్ బిస్కెట్ స్టాలు వద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పేయండి. ఆ బిస్కెట్ల నుంచి వచ్చే పొగ ద్రవ నైట్రోజన్‌ది, అది మరిగేదే మైనస్ 196 డిగ్రీల దగ్గర, పూర్తిగా ఆవిరైపోకముందే బిస్కెట్ నోట్లో వేసుకుంటే నోరు, గొంతు, పొట్ట లోపల చర్మం గడ్డకట్టి దెబ్బతింటుంది. 2024 ఏప్రిల్‌లో కర్ణాటకలోని దావణగెరెలో ఓ బాబు అది తిని విలవిల్లాడిన వీడియో చాలామంది చూసే ఉంటారు, ఆ తర్వాతే తమిళనాడు ఆహార భద్రత అధికారులు హెచ్చరికలు ఇచ్చారు. ఐదేళ్ల పిల్లకి పొగ ఆగేదాకా ఆగమంటే ఆగుతుందా? పీచు మిఠాయి అయితే తెల్లది వెయ్యమనండి, రంగు కలపొద్దని చెప్పండి. గులాబీ రంగు కోసం రోడమైన్-బి అనే బట్టల రంగు కలుపుతున్నారని పరీక్షల్లో తేలి 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాన్నే నిషేధించింది, మార్చిలో కర్ణాటక రంగు వేసిన పీచు మిఠాయిని ఆపింది.

ఇంకొక్కటి, శాండ్‌విచ్‌లు, మోమోలు పెడతానని అతను తర్వాత మాట మారిస్తే పక్కన మయోనైజ్ ఏదని అడగండి. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది, హైదరాబాద్‌లోనే మోమోలు తిని జనం ఆసుపత్రి పాలై ఒకరు చనిపోయాక. గడువు సంగతి అటుంచి, పిల్లల పార్టీలో దాని అవసరమే లేదు.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి వాడి క్లాస్‌మేట్ ఒకడు వస్తున్నాడు. వాడికి వేరుశనగ పడదట. పులిహోరలో పల్లీలు తీసేసి పెడితే సరిపోతుందా?
– ఓ తల్లి, ఒంగోలు

జవాబు: సరిపోదు. ఏరేసినా ఆ పొడి, ఆ నూనె అన్నానికి అంటే ఉంటాయి, అలర్జీ గట్టిగా ఉన్న పిల్లలకి ఆ కాస్తా చాలు. మన ఇళ్లల్లో పల్లీ ఎక్కడెక్కడ దాక్కుందో కూర్చుని రాస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది: వేరుశనగ నూనె, ఇడ్లీ చట్నీ, వంకాయ కూరలో మసాలా, మిక్చర్, చిక్కీ, కొన్ని చాక్లెట్లు, ఆఖరికి నిన్న పల్లీలు పట్టిన మిక్సీ జార్ కూడా.

ముందు ఆ తల్లికి ఫోన్ చేయండి. ఏం పడదు, ఎంత పడదు, తింటే ఏమవుతుంది, మందు ఏది, ఎక్కడ పెట్టారు, ఈ ఐదూ అడగండి. బాక్సు నేనే తెస్తానని ఆవిడ అంటే మనసు కష్టపెట్టుకోకండి, మీకే సగం భారం దిగిపోతుంది. ఆవిణ్ని పార్టీలో ఉండమని కూడా అడగొచ్చు. నా మాట వింటే ఆ ఒక్క పూటా పిల్లల ప్లేటులో పల్లీ జోలికే పోకండి, ఒకరికొకరు చిప్స్ మార్చుకునే వయసు, ఎవరి ప్లేటు ఎవరిదో మీరు కాపలా కాయలేరు. రిటర్న్ గిఫ్టుల్లో చిక్కీ ఉంటే తీసేయండి.

పల్లీ అలర్జీ లేకపోయినా ఓ జాగ్రత్త: వచ్చే పిల్లలతో పాటు రెండు మూడేళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారు. నాలుగేళ్లలోపు వాళ్లకి గుండు పల్లీలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ బిళ్లలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్ష పెడితే ప్రతి పండూ నిలువునా కోయండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి ఏడేళ్లు. పార్టీకి వచ్చే పదిహేను మందిలో ముగ్గురే తెలుగు పిల్లలు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, నువ్వులుండలు, మినీ ఇడ్లీలు చేస్తానంటోంది. మిగతా పిల్లలు తింటారా?
– ఓ తండ్రి, ఎడిసన్

జవాబు: ఇడ్లీలు పెట్టండి, నువ్వులుండలు ఇంట్లోనే ఉంచుకోండి. అక్కడ ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని కూడా చేర్చారన్నది మీకు తెలిసే ఉంటుంది, అంటే ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు తక్కువేం కాదు. పిల్లల్ని దింపేసి వెళ్లిపోయే తల్లిదండ్రులకి పిలుపులోనే ఏమైనా పడనివి ఉన్నాయా అని ఓ వాక్యం రాయండి.

అసలు భోజనం చీజ్ పిజ్జాయే పెట్టండి, పేచీ రాదు. మీ ఊళ్లో గుజరాతీ, జైన పిల్లలు, హలాల్ చూసుకునే పిల్లలు ఉండటం మామూలే కదా, పెప్పరోనీ జోలికి వెళ్లకపోతే చాలావరకు అందరికీ సర్దుకుంటుంది. మార్ష్‌మాలోలు, గమ్మీలు కొనేటప్పుడు వెనక జెలటిన్ అని ఉందేమో చూడండి, అది చాలావాటిలో జంతువుల నుంచి తీసిందే. అమ్మగారి ఇడ్లీలు చిన్నవిగా, నెయ్యి రాసి, ఒక్కోదానికి టూత్‌పిక్ లేకుండా, ఓ పళ్లెంలో మధ్యలో పెట్టండి. ఎవరినీ తినమని బలవంతం చేయొద్దు, అమ్మగారికి కూడా ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆవిడ ప్రతి పిల్లాడి వెంటా పళ్లెం పట్టుకుని తిరుగుతారు.

ప్రశ్న: మా బాబు యూకేజీ. పుట్టినరోజున క్లాసులో ఏం పంచాలి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు డైరీలో ఏమైనా నోట్ రాశారేమో చూడండి, చాలా స్కూళ్లు కేకులు, ఇంటి వంటలు వద్దంటున్నాయి. తినేది పంపొచ్చంటే ఒక్కొక్కరికీ విడిగా సీలు ఉన్న చిన్న బిస్కెట్ ప్యాకెట్, మీద తేదీ చూసి. లాలీపాప్‌లు వద్దు, నోట్లో పుల్ల పెట్టుకుని పరుగెత్తుతారు. తిండి వద్దంటే పెన్సిలు, రబ్బరు. క్లాసులో నలభైమంది ఉంటే నలభై రెండు పంపండి, టీచరుకీ ఆయమ్మకీ కలిపి.