ఫోన్ వంటింట్లో పెట్టి చేసే పనులు, చెప్పులేసుకుని చేసే పనులు

ఉద్యోగం చేసుకుంటూ గ్రూప్-2కి చదువుతున్నాను, రాత్రి పదికి పుస్తకం తీస్తే అదే పేజీ మళ్లీ మళ్లీ తిప్పుతున్నాను, టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలి అని అడిగారు. నేను పరీక్షలు రాసే మనిషిని కాదు, అనంతపురం పాతూరులో 30 అంగళ్లకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. ఆ పేజీ తిప్పుడు మాత్రం నాకూ తెలుసు.

ఇదివరకు పని వచ్చిన వరుసలోనే చేసేవాణ్ణి. ఒక మే నెల 10వ తారీఖు, మధ్యాహ్నం మూడు. జీఎస్టీఆర్-1కి, అంటే నెల అమ్మకాల బిల్లులు చూపించే రిటర్నుకి, 11 ఆఖరు. ఫ్యాన్ వేడిగాలి కొడుతోంది, ఫోన్ ఆగకుండా మోగుతోంది. మా లిస్టులో వెంకటేశ్వర పేరుతో నాలుగు పార్టీలున్నాయి. ఒకరి బిల్లు ఇంకొకరి మీద ఎక్కించేశాను. పార్టీ జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు కొడితే పోర్టలే పట్టుకుంటుంది. నంబరు సరైనదే, మనిషే వేరైతే ఎవరు పట్టుకుంటారు? 14న జీఎస్టీఆర్-2బీ, అంటే కొన్నవాళ్లకు ఎంత పన్ను క్రెడిట్ వస్తుందో చూపే లిస్టు, వచ్చాక అందులో క్రెడిట్ లేదని సరుకు కొన్నాయన మా షావుకారుకు డబ్బు ఆపేశాడు. తర్వాతి నెల రిటర్నులో సవరించేదాకా నాకు ఒకటే టెన్షన్.

అప్పటినుంచి ఏ పని ముందుకొచ్చినా ఒక్కటే చూస్తాను: ఇందులో తప్పు చేస్తే వెంటనే తెలుస్తుందా, నెల తర్వాత తెలుస్తుందా? ఆలస్యంగా బయటపడేవన్నీ, అంటే బిల్లులు ఎక్కించడం, 2బీతో కొనుగోళ్లు సరిచూడడం, పొద్దున ఐదు నుంచి ఏడున్నర లోపే. అప్పుడు ఫోన్ వంటింట్లో ఉంటుంది. ఉగ్గాని తాలింపు వాసన వచ్చిందంటే లెక్కలు మూసేయాల్సిందే, ఇంక కుదరదు. మధ్యాహ్నం బిల్లులకు ఫోటోలు తీయడం, ఫైళ్లకు పేర్లు పెట్టడం. ఎండ తగ్గాక అంగళ్లు తిరిగి బిల్లులు తెచ్చుకోవడం. దానికి బుర్ర అక్కర్లేదు, చెప్పులు చాలు.

మీకైతే మెంటల్ ఎబిలిటీ లెక్కలు, రాజ్యాంగం అధికరణలు పొద్దున పెట్టుకోండి, నలభై నిమిషాలే దొరికినా సరే. వర్తమాన వ్యవహారాలు బస్సులో అయిపోతాయి. రాత్రి పదికి కొత్త పాఠం ముట్టుకోవద్దు, పొద్దున చదివినదానికి నోట్సు రాసుకోండి.

పిల్లవాడికి జ్వరమొచ్చి రాత్రంతా మేలుకున్నామంటే, తెల్లారి ఐదుకి కూర్చున్నా లాభం లేదు. ఆ రోజు ఫైళ్లకు పేర్లే పెట్టుకుంటాను. 20వ తారీఖున, జీఎస్టీఆర్-3బీ అనే పన్ను కట్టే రిటర్ను వేసే రోజున మాత్రం ఆ వెసులుబాటు లేదు. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, అదీ నా జేబులోంచే.