స్మోకర్ వెలిగించే ముందు మా కనుమ రోజు సంగతి వినండి

కొత్తగా బొగ్గుల స్మోకర్, అంటే మాంసాన్ని పొగలో నిదానంగా వండే పొయ్యి, కొన్నారని, చికెన్, మటన్ రెండూ చేయాలనుకుంటున్నారని రాశారు. మొదట్లో ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. నేను టెక్సాస్‌లో, ఆస్టిన్ దగ్గర ఉంటాను. ఆరేళ్లుగా మా బ్యాక్‌యార్డ్‌లో ఇలాంటి స్మోకర్ మీదే వండుతున్నాను. రుచి చెడిన సంగతులు తర్వాత చెబుతాను. ముందు ప్రాణాల మీదికి వచ్చిన రోజు గురించి చెప్పాలి.

ఆ రోజు కనుమ. మా ఇళ్లల్లో కనుమ అంటే గారెలు, మాంసం ఉండాల్సిందే. నాలుగు కుటుంబాలను భోజనానికి పిలిచి, పొద్దున్నే ఆరు గంటలకు మేక తొడ స్మోకర్‌లో పెట్టాను. పది అయ్యేసరికి ఉత్తరం గాలి మొదలైంది, దాంతోపాటే సన్నటి వాన. నిప్పు ఆరిపోతుందేమోనన్న టెన్షన్‌లో స్మోకర్‌ను గరాజ్‌లోకి లాగాను. తలుపు సగం పైకెత్తే ఉంది కదా, గాలి ఆడుతుందిలే అనుకున్నాను. గరాజ్ నుంచి వంటింట్లోకి ఉన్న తలుపు తీస్తూ, వేస్తూ తిరుగుతున్నాను. ముప్పావు గంట తర్వాత హాల్లో అలారం మోగింది. పొగకి మోగిందనుకుని బ్యాటరీ తీసేయబోయాను. అప్పుడు మా ఆవిడ, ఇందాకటి నుంచి తల బరువుగా ఉందండీ అంది. అలారం మీద రాసింది చదివితే అది పొగ అలారం కాదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం. మా చిన్నబ్బాయి పై గదిలో నిద్రపోతున్నాడు. వాడిని ఎత్తుకుని దిగిన ఆ మెట్లు నాకు ఇప్పటికీ గుర్తే. అందరం వానలో బయట నిలబడి ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేశాం. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి, మీటర్‌తో గదిగదీ చూసి, కిటికీలన్నీ తెరిపించి, గాలి బాగుపడ్డాకే మమ్మల్ని లోపలికి పంపారు. ఎవరికీ ఏమీ కాలేదు.

బొగ్గు కాలినంతసేపూ ఈ వాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కూడా వస్తుంది, అందుకే మోసపోతాం. చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం కదా, కారణం ఇదే. కాబట్టి స్మోకర్ ఎప్పుడూ ఆరుబయటే, గోడకూ కిటికీలకూ కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. వంట అయిపోయాక కూడా నిప్పు పూర్తిగా చల్లారే వరకు గరాజ్‌లోకి తేకండి. వాన వస్తే మాంసాన్ని ఫాయిల్‌లో చుట్టి ఇంట్లో ఓవెన్‌లో పెట్టేయండి. మొదటి రెండు మూడు గంటల్లోనే పొగ రుచి బాగా పట్టేస్తుంది. చుట్టాక దానికి కావాల్సింది వేడి మాత్రమే. అది ఏ పొయ్యి నుంచి వచ్చినా తేడా ఉండదు. ఈ ఒక్క ముక్క నాకు ఆ రోజు తెలిసుంటే బాగుండేది.

ఇక రుచి సంగతి. నేను మొదటిసారి చేసిన చికెన్ నోట పెట్టలేకపోయాం. పైన నల్లగా, జిగటగా ఉంది, నాలుక మొద్దుబారేంత చేదు. రెండు తప్పులు చేశాను. పొగ కోసం బొగ్గుల మీద వేసే చెక్క ముక్కల్ని గంటసేపు నీళ్లలో నానబెట్టాను. పొగ బయటికి పోకూడదని పై వెంట్, అంటే గాలి ఆడే రంధ్రం, దాదాపు మూసేశాను. పక్కింటి టెక్సాస్ పెద్దాయన కంచె అవతలి నుంచే మా పొగ చూసి, దాని రంగే బాగాలేదన్నాడు. తెల్లగా, చిక్కగా లేచే పొగ అంటే కట్టె సరిగా మండటం లేదని అర్థం. అందులోని తారులాంటి పదార్థమే మాంసానికి పట్టి చేదు ఎక్కుతుంది. కట్టెల పొయ్యి మీద వంట చూసిన మనకు ఇది తెలియని విషయం కాదు. పచ్చి కట్టె పెడితే ఇల్లంతా పొగ కమ్మేది, అన్నం కూడా పొగ కంపు కొట్టేది. అమ్మమ్మ ఊదుగొట్టంతో ఊది మంట అందుకునేలా చేసేది. ఇక్కడా అంతే, నిప్పుకి గాలి అందాలి. పై వెంట్ పూర్తిగా తెరిచి ఉంచి, వేడిని కింది వెంట్‌తో తగ్గించుకోండి, పెంచుకోండి. చెక్క పొడిగా ఉండాలి, అరచేతిలో పట్టేంత ముక్కలు రెండు మూడు చాలు. నిప్పు అంటుకున్న వెంటనే మాంసం పెట్టకండి. పొగ అగరుబత్తి పొగలా పలచబడి, కొంచెం నీలంగా కనిపించే వరకు ఆగండి. మా దగ్గర పోస్ట్ ఓక్ కట్టె దొరుకుతుంది, ఆ పెద్దాయన వాడేది అదే. చికెన్‌కి నాకు పెకాన్, ఆపిల్ నచ్చాయి. మెస్కీట్ ఘాటు ఎక్కువ, మొదట్లో వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత ఫర్నిచర్ ముక్కలు మాత్రం ఎప్పుడూ కాల్చకండి.

రెండోసారి చికెన్ చేదు పోయింది కానీ లోపల ఉడకలేదు. స్మోకర్ మూత మీది థర్మామీటర్ 250 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది, నేను నమ్మాను. మాంసం పెట్టే ఇనప జాలీ (గ్రేట్) దగ్గర అసలు వేడి దానికంటే 50 డిగ్రీలు తక్కువ ఉందని తర్వాత కొలిస్తే తెలిసింది. పిల్లల ప్లేట్లలో వడ్డించాక ఎముక దగ్గర పచ్చిగా కనపడితే అన్నీ వెనక్కి తీసుకుని ఓవెన్‌లో పెట్టాను. మరుసటి రోజే రెండు ప్రోబ్‌ల (వేడి కొలిచే సూదుల) థర్మామీటర్ కొన్నాను. ఒకటి గ్రేట్ మీద, ఇంకోటి ఎముకకు తగలకుండా మాంసంలో. చికెన్ లోపల 165 డిగ్రీలు, అంటే మన లెక్కలో 74 సెల్సియస్, చేరాల్సిందే. రంగు చూసి నిర్ణయించకండి. పొగలోని వాయువుల వల్ల పూర్తిగా ఉడికిన ముక్క కూడా గులాబీ రంగులో ఉంటుంది. అది పచ్చి అనుకుని ఒకసారి ఇంకో గంట ఉంచి ఎండగొట్టాను కూడా. చికెన్‌కి స్మోకర్ వేడి 300 దాటి ఉంటే మంచిది, తక్కువలో చేస్తే చర్మం రబ్బరులా సాగుతుంది.

మేక తొడ వేరే కథ. అది 250 దగ్గర నిదానంగా కావాలి. ఇంకోసారి చేసినప్పుడు లోపలి వేడి 155 వరకు చక్కగా ఎక్కి, అక్కడ ఆగిపోయింది. గంట దాటినా అంకె కదల్లేదు. అతిథులు వచ్చే వేళయిందని ఆత్రంగా ఇంకో గంపెడు బొగ్గులు పోశాను. స్మోకర్ 350కి ఎగిరింది, బయట మాడింది, లోపల నార నారగా ఎండింది. జరిగిందేమిటంటే, మాంసం మీద తేమ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. పోసిన వేడంతా ఆ ఆవిరికే సరిపోతుంది. అలా ఆగిందంటే కంగారు పడకుండా మాంసాన్ని ఫాయిల్‌లో గట్టిగా చుట్టేయండి, ఆవిరి పోయే దారి లేక అంకె మళ్లీ కదులుతుంది. మేకకు కొవ్వు తక్కువ కాబట్టి చుట్టేటప్పుడు ఉల్లిపాయ ముక్కలు, చెంచాడు నెయ్యి, కాస్త నీళ్లు వేస్తాను. 195 నుంచి 200 మధ్య ప్రోబ్ వెన్నలో దిగినట్టు దిగితే అయినట్టే. ఆ తర్వాత అరగంటైనా కదపకండి. మసాలా విషయంలో ఒకటే చెబుతాను, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద మందంగా పట్టిస్తే పైన తడి ఆరదు. ముందు రోజు రాత్రి ఉప్పు, పసుపు, ఉదయం పలచగా కారం, ధనియాల పొడి చాలు.

బూడిద కూడా జాగ్రత్త. చల్లారిందనుకుని మర్నాడు ప్లాస్టిక్ చెత్త డబ్బాలో పోస్తే అడుగు కరిగిపోయింది. ఇప్పుడు మూత ఉన్న ఇనప బకెట్‌లో వేసి, నీళ్లు పోసి, రెండు రోజులు అలాగే వదిలేస్తాను.

మీ మొదటి వంటకి మేక తొడ వద్దు. పది చికెన్ లెగ్స్ తీసుకోండి, ఎవరినీ భోజనానికి పిలవకండి, వాన లేని సెలవు రోజు చూసుకోండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, దాని బ్యాటరీ పనిచేస్తోందో లేదో ఈ రోజే చూడండి. ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తే, ఏమైనా తేడా వచ్చినా కలిసి చూద్దాం.