బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ చివర్లో మైక్ మూలకి తిరిగి ఎందుకు నిలబడ్డాడు? జాష్, మైక్ కలిసి హెదర్‌ని చంపారన్న థియరీ నిజమేనా?

1999లో వచ్చిన ఈ హారర్ సినిమాలో హెదర్, మైక్, జాష్ అనే ముగ్గురు బ్లెయిర్ విచ్ అనే మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీయడానికి అడవిలోకి వెళ్ళి మాయమైపోతారు, మనం చూసేది వాళ్ళు తీసిన ఫుటేజే. మూల సంగతికి జవాబు సినిమాలోనే ఉంది, కాకపోతే చాలా ముందు వచ్చేస్తుంది. మొదట్లో బర్కిట్స్‌విల్ ఊరివాళ్ళ ఇంటర్వ్యూలు వస్తాయి కదా, చూసేవాళ్ళలో సగం మంది అప్పుడే ఫోన్ చూసుకుంటూ ఉంటారు. అందులో రస్టిన్ పార్ కథ చెబుతారు. ఏడుగురు పిల్లల్ని చంపినవాడు. ఇద్దరిద్దరిని నేలమాళిగలోకి తీసుకెళ్ళి, ఒకరిని గోడ మూలకి తిప్పి నిలబెట్టి, రెండోవాళ్ళని చంపేవాడు. చూస్తున్న ఆ కళ్ళని తట్టుకోలేకపోయేవాడట. తర్వాత మూలనున్నవాళ్ళ వంతు. క్లైమాక్స్‌లో మైక్ నిలబడింది సరిగ్గా అలాగే.

పార్ పిల్లల్ని మూలకి తిప్పేవాడన్న ఈ మాట 1999 జనవరిలో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేసిన ప్రింట్‌లో లేదు. జనం భయపడ్డారు గానీ చివర ఏం జరిగిందో పట్టుకోలేకపోయారు. సినిమా కొన్న ఆర్టిసాన్ సంస్థ వేరే ముగింపులు తీయించింది, మైక్ ఉరికి వేలాడుతున్నది కూడా వాటిలో ఒకటి. దర్శకులు డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ మాత్రం పాత షాటే ఉంచి, దానికి అర్థం అందేలా ఇంటర్వ్యూ ముక్క ఒకటి కొత్తగా తీసి కలిపారు. కాబట్టి మైక్ పిచ్చెక్కి నిలబడ్డాడనో, చేసిన పనికి సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడనో అనడానికి ఆధారం లేదు.

ఇక థియరీ. దీన్ని తేల్చాలంటే ఆఖరి నిమిషాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ చూడండి, ఫోన్ స్పీకర్‌లో అయితే అసలు పాయింటే పోతుంది. రంగుల్లో కనిపించేది మైక్ చేతిలోని హై8 వీడియో కెమెరా. నలుపు-తెలుపు హెదర్ పట్టుకున్న 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా. ఆ ఫిల్మ్ మీద శబ్దం రికార్డవదు, అక్కడ మనకి వినపడేదంతా హై8 పట్టినదే. అందుకే నలుపు-తెలుపు బొమ్మ నడుస్తున్నప్పుడు, కెమెరా హెదర్ చేతిలోనే ఉన్నా ఆమె కేకలు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. మెట్లు దిగి కిందికొచ్చేకొద్దీ దగ్గరవుతాయి. అంటే మైక్ చేతిలోంచి పడిపోయాక కూడా ఆ హై8 నేలమీద నడుస్తూనే ఉంది, కింద ఏం జరిగినా దాని మైక్రోఫోన్‌కి అందాలి. జాష్, మైక్ అక్కడ కాచుకుని ఉంటే ఒక్క మాటైనా, గుసగుసైనా పడాలి కదా! హెదర్ వచ్చేదాకా అలాంటిదేం లేదు. పైగా ఆమెకి దెబ్బ తగిలే క్షణంలో మైక్ కదలకుండా మూలనే ఉన్నాడు. కొట్టింది మూడో మనిషి.

ఆ మూడో మనిషి జాషే అంటారు థియరీవాళ్ళు. మ్యాప్‌ని వాగులోకి తన్నింది మైక్, వాళ్ళని ఆ ఇంట్లోకి లాగింది జాష్ గొంతు, కనుక కుట్ర అని. వినడానికి బావుంది. కానీ అంతకుముందు హెదర్‌కి టెంట్ బయట దొరికిన పుల్లల మూట సంగతేంటి? జాష్ చొక్కా గుడ్డతో కట్టిన దాంట్లో నెత్తురు, జుట్టు, పళ్ళు, నాలుక ముక్కలాంటిది ఉంటాయి. కుట్రలో భాగంగా ఎవడూ తన పళ్ళు పీక్కోడు.

సినిమా విడుదలకి ముందు టీవీలో వచ్చిన ‘కర్స్ ఆఫ్ ద బ్లెయిర్ విచ్’ అనే ఉత్తుత్తి డాక్యుమెంటరీని కూడా లెక్కలోకి తీసుకుంటే థియరీ ఇంకా బలహీనపడుతుంది. దాని ప్రకారం ఆ ముగ్గురి ఫుటేజ్ ఉన్న సంచి దొరికింది ఒక పాత కట్టడం పునాది కింద, అదీ మట్టి కదిలిన గుర్తు లేకుండా, అంటే మామూలు మనుషులు పెట్టగలిగేది కాదు. అది సినిమాలో భాగం కాదంటే సరే, పక్కన పెట్టండి, మూట ఒక్కటే చాలు.

నా లెక్కలో కుట్ర అనేవాళ్ళూ, మంత్రగత్తె అనేవాళ్ళూ, రెండు వర్గాలూ ఒక సంగతి వదిలేస్తున్నాయి. పార్ కూడా హత్యలు తనంతట తాను చెయ్యలేదనీ, ఒక ముసలామె దెయ్యం చెప్పి చేయించిందనీ అన్నాడు. కాబట్టి హెదర్‌ని కొట్టిన చెయ్యి జాష్‌దే అనుకున్నా మంత్రగత్తె కథ చెడిపోదు. చెడిపోయేది ‘దెయ్యం లేదు, ఇద్దరు ఫ్రెండ్స్ పగ తీర్చుకున్నారు’ అన్న భాగం.

2016లో వచ్చిన సీక్వెల్‌ని మాత్రం సాక్ష్యంగా తేకండి. దర్శకుడు ఆడమ్ వింగార్డ్, వేరే మనిషి. మంత్రగత్తెని చూడకుండా ఉండాలంటే మూలకి తిరగాలని అందులో కొత్త రూల్ పెట్టారు. 1999 సినిమాలో అలాంటిది లేదు.