రాయితీ ధరకు బుక్ చేసుకుంటే నాసిరకం గదే ఇస్తారా?

ప్రశ్న: మా అత్తమామలతో కలిసి శ్రీవారి దర్శనానికి వచ్చినప్పుడు, తిరుపతి బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జిలో బుకింగ్ యాప్ ద్వారా నలభై శాతం తగ్గింపుతో గది తీసుకున్నాము. ఫొటోల్లో కొండ కనిపించే పెద్ద కిటికీ ఉంది. తీరా వెళ్లాక మాకిచ్చిన గదికి ఉన్న ఒక్క కిటికీ పైపులు దిగే ఇరుకు సందులోకి తెరుచుకుంటోంది. గోడకు అవతలే లిఫ్టు. మా కళ్ల ముందే, ముందస్తు బుకింగ్ లేకుండా నేరుగా కౌంటరుకు వచ్చిన కుటుంబానికి మూడో అంతస్తులో వీధి వైపు గది ఇచ్చారు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు తీసుకున్నవారికి కావాలనే ఇటువంటి గదులు ఇస్తారా? ఇకమీదట మేము ఎలా బుక్ చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అనుమానంలో కొంత నిజం ఉంది. అయితే మీరు తక్కువ డబ్బు కట్టారు కాబట్టి ఆ గది ఇచ్చారనుకోవడం కంటే, మీరు కొన్నది ఏ గదో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఇవ్వగలిగారనుకోవడం సరైనదని నా అభిప్రాయం. ఈ రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే, తగ్గింపును వదులుకోకుండానే మంచి గది అడిగి తీసుకోవచ్చు.

యాప్‌లో మనం కొనేది గది నంబరు కాదు, గది తరగతి మాత్రమే. ‘స్టాండర్డ్ ఏసీ’ అనే పేరు కింద ఒక లాడ్జిలో పదిహేను గదులుంటే, వాటిలో ఏ గది తాళం చేతిలో పెట్టినా ఒప్పందం ప్రకారం లాడ్జి తన మాట నిలబెట్టుకున్నట్టే. కానీ ఆ పదిహేను గదులూ ఒక్కలా ఉండవు. గాంధీ రోడ్డు, బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో తక్కువ స్థలంలో నిలువుగా లేపిన కట్టడాలే ఎక్కువ. వాటిలో వీధి వైపు గదులకు గాలీ వెలుతురూ ఉంటాయి. ఉత్తరం వైపున్న పై అంతస్తుల నుంచి శేషాచలం కొండలు కనిపిస్తాయి. నడిమి గదుల కిటికీలు మాత్రం పైపుల సందులోకి తెరుచుకుంటాయి. లిఫ్టు పక్కన ఒక గది, జనరేటరుకు ఎదురుగా మరొక గది, స్లాబు వేడి రాత్రి పది దాటినా చల్లారని చివరి అంతస్తు గదులు కూడా అదే తరగతిలో, అదే అద్దెకు ఉంటాయి. లాడ్జి నిండాలంటే ఆ గదులు కూడా ఎవరో ఒకరికి వెళ్లక తప్పదు.

అవి ఎవరికి వెళతాయో తెలియాలంటే ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య ఏదైనా లాడ్జి కౌంటరు దగ్గర కాసేపు నిలబడి చూడాలి. రాత్రి బస్సులు, హైదరాబాదు వైపు నుంచి వచ్చే రైళ్లు దిగిన యాత్రికులు సామాన్లతో, నిద్ర మొహాలతో బారులు తీరి ఉంటారు. గుమాస్తా ముందు కంప్యూటరు, పక్కన రిజిస్టరు, వెనుక తాళాల బోర్డు ఉంటాయి. ఏటా వచ్చే పాత ఖాతాదారు ఫోన్ చేసి ఉంటే, అతని గది తాళం అప్పటికే బోర్డు మీద నుంచి తీసి సొరుగులో పెట్టి ఉంటుంది. తరువాత బుకింగ్ లేకుండా వచ్చిన పెద్దమనిషి ‘గది చూపించండి, నచ్చితే తీసుకుంటాం’ అంటాడు. అతనికి నచ్చని గది చూపిస్తే నాలుగడుగులు వేసి పక్క లాడ్జికి వెళ్లిపోతాడని గుమాస్తాకు తెలుసు. అందుకే అతనికి ఉన్నవాటిలో కాస్త మెరుగైన గదే చూపిస్తాడు. ఆ తరువాత మీ వంతు. మీ డబ్బు యాప్‌కు ముందే చేరింది; రద్దు చేసుకుంటే వాపసు రాదు; మీతో పెద్దవాళ్లున్నారు, దర్శనం టికెట్టు మీద వేళ ముద్రించి ఉంది. మీరు ఎక్కడికీ వెళ్లలేరు. బోర్డు మీద మిగిలిన తాళం మీకు వస్తుంది. ఇందులో మీ మీద కక్ష ఏమీ లేదు, కానీ ఇది న్యాయమైన పద్ధతి అని కూడా నేను అనను. ముందుగా నమ్మి డబ్బు కట్టినవారిని, ఆ నమ్మకం కారణంగానే చివరకు నెట్టడం వ్యాపార మర్యాద కాదు.

లాడ్జి వైపు లెక్క కూడా చెప్పాలి. బుకింగ్ సంస్థలు ప్రతి గది మీద కమీషన్ తీసుకుంటాయి. ఉదాహరణకు రెండు వేల రూపాయల గదికి కమీషన్ ఇరవై శాతం అనుకుంటే నాలుగు వందలు. ఆ కమీషన్ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ మరో డెబ్బై రెండు. అంటే లాడ్జి చేతికి వచ్చేది 1,528 రూపాయలు. అదే గదిని కౌంటరులో 1,800కు ఇచ్చినా యజమానికి లాభమే, యాత్రికుడికీ లాభమే. పైగా యాప్ నుంచి వచ్చినవారు మళ్లీ వచ్చినప్పుడు యాప్‌నే తెరుస్తారు, తమ లాడ్జి పేరు గుర్తుంచుకోరని యజమానుల నమ్మకం. ఎవరిని సంతోషపెడితే తిరిగి నేరుగా వస్తారో వారికే మంచి గది ఇవ్వాలన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది.

అయితే అన్ని తగ్గింపులూ ఒకటి కావు. మీరు చెప్పిన నలభై శాతంలో కొంత లాడ్జి ఇచ్చింది కావచ్చు, కొంత యాప్ తన కమీషన్‌లోంచి వదులుకున్నది కావచ్చు, కొంత మీ బ్యాంకు కార్డు ఆఫరు కావచ్చు. కార్డు మీద వచ్చిన ఐదు వందల తగ్గింపు సంగతి గుమాస్తాకు తెలియదు. లాడ్జికి రావలసిన మొత్తంలో దానివల్ల తేడా రాదు. కాబట్టి అటువంటి తగ్గింపుకు భయపడవలసిన పని లేదు. జాగ్రత్త పడవలసింది లాడ్జే స్వయంగా బాగా తగ్గించి, ‘రద్దు కుదరదు, గది ఎంపిక మాది’ అన్న షరతు పెట్టినప్పుడు. ఈ పద్ధతిని చివరి దాకా తీసుకువెళ్లింది అమెరికా సంస్థలు. 1998లో మొదలైన ప్రైస్‌లైన్, ఆ తరువాత వచ్చిన హాట్‌వైర్ హోటల్ పేరు కూడా దాచి గదులు అమ్మాయి. డబ్బు కట్టే వరకు ఏ ప్రాంతమో, ఎన్ని నక్షత్రాల హోటలో మాత్రమే తెలిసేది. మంచం ఒకటా రెండా అన్న హామీ కూడా ఉండేది కాదు. అక్కడ బేరం సూటిగా ఉంది: ధర తగ్గుతుంది, బదులుగా ఎంచుకునే హక్కు వదులుకోవాలి. మన యాప్‌లలో హోటల్ పేరు కనిపిస్తుంది కానీ, గది విషయంలో జరిగే బేరం చాలాసార్లు అదే. కొనేవారికి ఆ సంగతి తెలియకపోవడమే నన్ను బాధపెడుతుంది.

తిరుపతికి సంబంధించినంత వరకు ధర కంటే రద్దీయే గది నాణ్యతను ఎక్కువగా నిర్ణయిస్తుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, వరుస సెలవులు కలిసిన శని ఆదివారాల్లో పూర్తి అద్దె కట్టినవారికి కూడా దొరికిన గదే దక్కుతుంది. ఇక్కడ చాలా లాడ్జీల్లో మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలన్న నియమం లేదు. దిగిన వేళ నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క. తెల్లవారుజామున మీరు వచ్చేసరికి, నిన్న సాయంత్రం దిగినవారు ఇంకా గదుల్లోనే ఉంటారు. ఖాళీగా ఉన్నవి ఒకటి రెండే, అవీ అంతకు ముందు వచ్చినవారు వద్దన్నవే కావచ్చు. అందువల్ల బుక్ చేసేటప్పుడే ఆ లాడ్జిది ఏ పద్ధతో కనుక్కుని, మీరు చేరే వేళను ముందుగా చెప్పడం తగ్గింపు వెతకడం కంటే ముఖ్యం.

ఇక మీరు చేయవలసినది. యాప్‌లో పైన కనిపించే ఫొటోలు లాడ్జిలోని అతి మంచి గదివి. మీరు ఎంచుకున్న తరగతి కింద విడిగా ఉన్న ఫొటోలు, వివరాలు చూడండి. అక్కడ కిటికీ గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే, అది లేదనే అనుకోండి. డబ్బు కట్టకముందే లాడ్జికి ఫోన్ చేయండి. ‘మంచి గది ఇవ్వండి’ అని అడిగితే ‘అలాగేనమ్మా’ అంటారు, అంతటితో సరి. అలా కాకుండా ‘మా మామగారికి మోకాళ్ల నొప్పులు, లిఫ్టు ఆగే అంతస్తులో గది కావాలి, వెస్టర్న్ టాయిలెట్ ఉండాలి, కిటికీ బయటికి తెరుచుకోవాలి’ అని విడివిడిగా అడగండి. వేడినీళ్లు రోజంతా వస్తాయా, ఉదయం కొన్ని గంటలేనా అన్నది కూడా అడగండి. సుప్రభాతానికో, మొదటి బస్సుకో బయలుదేరేవారికి అది చిన్న విషయం కాదు. ఒప్పుకున్న సంగతులను వాట్సాప్‌లో పంపి, సరేనన్న జవాబు తెప్పించుకోండి. వంద, రెండు వందలు ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్న బుకింగే తీసుకోండి, ఎందుకంటే కౌంటరు దగ్గర మీ మాటకు బలాన్నిచ్చేది అదే. చేరాక రిజిస్టరులో సంతకం పెట్టకముందు ఇంట్లో ఒకరు పైకి వెళ్లి గది చూసి రావాలి. సామాను లోపల పెట్టి, స్నానాలు చేసి, అప్పుడు గది మార్చమంటే ఎవరూ మార్చరు.

నేరుగా ఫోన్ చేసినప్పుడు కౌంటరు అద్దె ఎంతో కూడా అడగడానికి మొహమాటపడవద్దు. తమ యాప్‌లో కంటే తక్కువ ధరకు మరెక్కడా ఇవ్వకూడదని హోటళ్లకు బుకింగ్ సంస్థలు షరతు పెట్టడాన్ని భారత కాంపిటీషన్ కమిషన్ తప్పుపట్టి, 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయల జరిమానా విధించింది; అటువంటి షరతులను ఒప్పందాల నుంచి తొలగించమని ఆదేశించింది. ధరలు పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 5 శాతం. యాప్ తన సేవా రుసుమును చివరి పేజీలో కలిపితే, ఆ మొత్తమే అసలు ధర. మీ వంటి కుటుంబానికి నా సలహా ఇది: రద్దీ లేని వారం మధ్య రోజుల్లో ఫోన్ చేసి నేరుగా మాట్లాడుకోండి, రద్దీ రోజుల్లో మాత్రం, పెద్దవాళ్లతో వస్తూ, బుకింగ్ లేకుండా రావద్దు.

ప్రశ్న: బుక్ చేసిన తరగతి కాకుండా తక్కువ తరగతి గది ఇచ్చి, ‘ఇష్టమైతే ఉండండి’ అన్నారు. యాప్ వారిని అడిగితే లాడ్జి వారిని అడగమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీది పై ప్రశ్నకు భిన్నమైన సంగతి. ఒకే తరగతిలో అంత బాగా లేని గది ఇస్తే గట్టిగా అడగడం తప్ప పెద్దగా చేయగలిగింది ఉండదు. తరగతే మారిస్తే అది సేవాలోపం. లాడ్జిని చూపించి యాప్ తప్పించుకోవాలని చూస్తే ఒప్పుకోవద్దు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. బుకింగ్ వోచరు, తరగతి వివరాలున్న పేజీ స్క్రీన్‌షాటు, మీకిచ్చిన గది ఫొటోలు, బిల్లు జత చేసి రాయండి. అప్పటికీ స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు కాబట్టి చిత్తూరు దాటి పోనక్కరలేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము కూడా లేదు. ఆ రాత్రి వేరే దారి లేక అదే గదిలో ఉన్నా మీ హక్కు పోదు. అయితే ఉండక ముందే, ‘అభ్యంతరంతో ఉంటున్నాము’ అని యాప్‌లోనే ఒక సందేశం పెట్టండి. తరువాత అదే మీకు ఆధారం అవుతుంది.

ప్రశ్న: ‘ఈ ధరకు ఒక్క గదే మిగిలింది’ అని కనిపించగానే కంగారుగా డబ్బు కట్టేశాను. తరువాత చూస్తే అదే ధరకు ఇంకా గదులున్నాయి. అలాగే టీటీడీ వసతి గదులు రాయితీకి ఇస్తామని ఒక వెబ్‌సైట్ కనిపించింది. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: లేని కొరతను చూపించి తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించింది. అటువంటి పేజీ కనిపిస్తే స్క్రీన్‌షాటు తీసి 1915కు ఫిర్యాదు చేయండి. ఒక్కోసారి ఆ మాట నిజమే కావచ్చు, కానీ అది ఆ యాప్‌కు లాడ్జి కేటాయించిన గదుల్లో ఒకటి మిగిలిందని మాత్రమే. లాడ్జిలో ఇంకా ఎన్ని ఉన్నాయో ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది.

రెండో దానికి డబ్బు కట్టవద్దు. తిరుపతిలోని శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం మొదలుకొని తిరుమల మీది గదుల దాకా టీటీడీ వసతిని దేవస్థానం అధికారిక వెబ్‌సైట్, యాప్, కౌంటర్ల ద్వారానే ఇస్తారు. ప్రైవేటు సైట్‌లకు అమ్మరు, వాటి మీద రాయితీలూ ఉండవు. నకిలీ వెబ్‌సైట్‌ల గురించి దేవస్థానం ఎన్నోసార్లు హెచ్చరించింది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకు కూడా వెంటనే తెలియజేయండి.