అమ్మను శుక్రవారంకల్లా తీసుకెళ్ళమంటున్న నర్సింగ్ హోం: అమెరికాలో మనకున్న హక్కులేంటి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. అమ్మగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి నేరుగా రీహాబ్ (మళ్ళీ నడవడానికి ఇచ్చే థెరపీ) కోసం నర్సింగ్ హోంకి పంపారు. ఇప్పుడేమో "పెద్దగా ఇంప్రూవ్‌మెంట్ లేదు, శుక్రవారంతో మెడికేర్ ఆగిపోతుంది, తీసుకెళ్ళండి" అంటున్నారు. ఇంట్లో మెట్లున్నాయి, మీ ఇద్దరికీ ఉద్యోగాలు, ఆవిడ ఇంకా ఎవరైనా పట్టుకోకుండా లేవలేరు. గట్టిగా అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని మీ భయం.

ముందు శుక్రవారం సంగతి చూద్దాం, దానికి టైం లేదు కాబట్టి. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బు కట్టడం ఆపడం వేరు, నర్సింగ్ హోం మనిషిని పంపించేయడం వేరు. రెండింటినీ కలిపి ఒక్క మాటలో చెప్పేస్తారు, మనం కంగారుపడి సామాన్లు సర్దడం మొదలుపెడతాం.

మెడికేర్ ఆగుతుందంటే కనీసం రెండు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటిమాట చాలదు. ఆ నోటీసు మీదే అప్పీలుకు ఒక ఫోన్ నంబర్ ఉంటుంది. అది నర్సింగ్ హోంది కాదు, మెడికేర్ తరఫున విడిగా సమీక్ష చేసే సంస్థది. కవరేజీ ఆగే తేదీకి ముందురోజు మధ్యాహ్నం 12 గంటల లోపు ఫోన్ చేస్తే ఫాస్ట్ అప్పీలు కింద తీసుకుంటారు, ఖర్చేమీ ఉండదు. అమ్మగారికి మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ (ప్రైవేటు కంపెనీ ద్వారా వచ్చే మెడికేర్) ఉన్నా ఈ అప్పీలు ఉంటుంది.

అప్పీలులో ఏం చెప్పాలి? "ఇంప్రూవ్‌మెంట్ లేదు" అన్నదే వాళ్ళ కారణమైతే, అదొక్కటే చాలదు. 2013లో మెడికేర్ మీద వేసిన జిమ్మో కేసులో కుదిరిన సెటిల్‌మెంట్ దీన్ని తేల్చింది: ఉన్న స్థితి దిగజారకుండా కాపాడటానికి నర్సు లేదా థెరపిస్ట్ నైపుణ్యం అవసరమైతే, మెరుగుపడకపోయినా మెడికేర్ కవర్ చేయాలి. ఇన్నేళ్ళయినా ఈ మాట తెలియని సిబ్బంది చాలామంది ఉన్నారు, అదే నాకు బాధ. ఫోన్ చేసినప్పుడు "జిమ్మో" అని పేరు పెట్టి చెప్పండి. థెరపీ ఆపితే ఏ పని చేయలేకపోతారో సర్జన్ దగ్గర నుంచి నాలుగు లైన్లు రాయించుకుంటే ఇంకా మంచిది. ఒరిజినల్ మెడికేర్‌లో (ప్రభుత్వం నేరుగా నడిపేది) ఒక విడతకు 100 రోజుల దాకా కవరేజీ ఉంటుంది. మొదటి 20 రోజులు పూర్తిగా, ఆ తర్వాత రోజుకింతని మీ వాటా పోను. కానీ 100 అనేది పైహద్దు మాత్రమే, అన్ని రోజులూ ఇస్తామన్న హామీ కాదు.

ఇక పంపించేయడం. ఫెడరల్ నిబంధనల ప్రకారం నర్సింగ్ హోం ఒక మనిషిని తనంతట తాను బయటికి పంపాలంటే కారణాలు ఆరే: ఆమెకు కావలసిన సంరక్షణ అక్కడ ఇవ్వలేకపోవడం, ఆమెకు ఇక ఆ సేవలు అవసరం లేనంతగా నయం కావడం, ఆమె వల్ల ఇతరుల భద్రతకు ప్రమాదం, లేదా ఇతరుల ఆరోగ్యానికి ప్రమాదం, నోటీసు ఇచ్చినా డబ్బు కట్టకపోవడం, ఆ సంస్థే మూతపడటం. మామూలుగా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అమ్మగారు చేరి ఇంకా 30 రోజులు కాకపోతే గడువు తక్కువ ఉండొచ్చు, కానీ కాగితం మాత్రం ఇచ్చి తీరాలి. అందులో కారణం, తేదీ, ఎక్కడికి పంపుతున్నారో, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో ఉండాలి. ఈ అప్పీలు (పైన చెప్పిన మెడికేర్ అప్పీలు కాదు, వేరేది) పెండింగ్‌లో ఉండగా, ఆమె అక్కడే ఉంటే ఆమెకో ఇతరులకో ప్రమాదం అయితే తప్ప, బయటికి పంపకూడదు. సోషల్ వర్కర్‌కి ఈరోజే ఈమెయిల్ పెట్టండి: ఇంట్లో మెట్లున్నాయి, పగలు మనిషి ఉండరు, ఆమె తనంతట లేవలేరు, కాబట్టి ఇది సేఫ్ డిశ్చార్జ్ కాదు అని. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. మెడికేర్ అప్పీలు ఓడిపోతే, కవరేజీ ఆగిన తేదీ తర్వాతి రోజుల బిల్లు అమ్మగారిదే అవుతుంది, అది చిన్న మొత్తం కాదు. ఆమె పేరున పెద్దగా ఆస్తి లేకపోతే మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువ ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య సాయం) అప్లికేషన్ గురించి ఇప్పుడే అడగండి.

ఇప్పుడు మీ భయం సంగతి. మా నాన్న పక్షవాతం వచ్చి నర్సింగ్ హోంలో ఉన్నప్పుడు అదే భయం నాకూ ఉండేది. ఆయనకి ఎడమవైపు పడిపోయింది, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకరోజు నర్సు నన్ను పక్కకి పిలిచి, "మీ నాన్న రాత్రిళ్ళు బాగా అరుస్తున్నారు, అజిటేషన్ (ఆందోళన) ఎక్కువైంది, కామ్‌గా ఉండటానికి ఒక టాబ్లెట్ మొదలుపెడదామనుకుంటున్నాం" అంది. నేను గదిలోకి వెళ్ళి చూస్తే, నర్సుని పిలిచే కాల్ బటన్ మంచానికి ఎడమవైపు రెయిలింగ్‌కి క్లిప్ చేసి ఉంది, సరిగ్గా పడిపోయిన చేతి పక్కన. "ఎందుకు నాన్నా అరుస్తున్నారు?" అంటే, "ఒంటేలుకి పోవాలమ్మా, ఎవరూ రారు. పిలవక ఏం చేయను?" అన్నారు. రాత్రి డ్యూటీ వాళ్ళకి ఆ తెలుగు కేక అర్థం కాలేదు, ఫైల్‌లో అజిటేషన్ అని రాసుకున్నారు.

నేను ఎవరి మీదా అరవలేదు. కేర్ ప్లాన్ (ఆయన్ని ఎలా చూసుకోవాలో రాసుకునే ప్రణాళిక) మీటింగ్ కావాలని రాసి ఇచ్చాను. ఇది మనం బతిమాలి తెచ్చుకునేది కాదు, నివాసి హక్కు. ఆ మీటింగ్‌లో నాన్నని వీల్‌చెయిర్‌లో పక్కనే కూర్చోబెట్టమన్నాను, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమన్నాను. తన ఆరోగ్యం గురించి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు నివాసికి ఉంది. ప్రతిసారీ కూతురే అనువాదం చేయాలని రూలేమీ లేదు. సిబ్బంది సౌకర్యం కోసం మత్తుమందులతో మనిషిని పడుకోబెట్టడం నిషిద్ధమని కూడా చెప్పాను. కేర్ ప్లాన్‌లో కొత్తగా రాసినవి చిన్నవే: కాల్ బటన్ కుడిచేతికి అందేలా, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి టాయ్‌లెట్‌కి తీసుకెళ్ళడం, మంచం పక్క తెలుగు మాటల కార్డు. అరుపులు ఆగిపోయాయి, ఆ టాబ్లెట్ అవసరమే రాలేదు. తర్వాత నాన్న మీద ఎవరూ కోపం చూపించలేదు. పైగా ఈ ఇంటివాళ్ళు అన్నీ చూస్తారని తెలిశాక ఆయన గదిలోకి ఎక్కువసార్లు తొంగిచూసేవాళ్ళు.

అన్నిచోట్లా ఇలాగే సాఫీగా జరుగుతుందని అనను. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించకూడదని నిబంధనల్లోనే ఉంది. 1987లో వచ్చిన నర్సింగ్ హోం సంస్కరణల చట్టం పునాది మీదే ఇవన్నీ నిలబడ్డాయి, మెడికేర్ లేదా మెడికెయిడ్ డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోంకీ ఇవి వర్తిస్తాయి. అయినా మీకు భయంగా ఉంటే లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్‌కి ఫోన్ చేయండి. ప్రతి రాష్ట్రంలో ఉంటారు, ఉచితం, నివాసి తరఫునే మాట్లాడతారు. మీరు, అమ్మగారు ఒప్పుకోకుండా మీ పేర్లు బయటపెట్టరు. వాళ్ళ నంబర్ నర్సింగ్ హోంలో అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. కనబడకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్‌కి (పెద్దవాళ్ళ సేవల వివరాలు చెప్పే ప్రభుత్వ ఫోన్ సర్వీసు) 1-800-677-1116 నంబర్‌లో ఫోన్ చేస్తే ఇస్తారు.

చేర్చేటప్పుడు ఏవేవో కాగితాల మీద సంతకాలు పెట్టానన్నారు కదా, వాటి కాపీలు తెప్పించుకుని చూడండి. "రెస్పాన్సిబుల్ పార్టీ" (బాధ్యత తీసుకునే వ్యక్తి) అని ఉన్నచోట మీరు సంతకం పెట్టి ఉంటే వెంటనే టెన్షన్ పడొద్దు. అమ్మగారి బిల్లుకు మీ సొంత డబ్బుతో హామీ ఉండాలని చేర్చుకునే షరతుగా పెట్టడం నిబంధనలకు విరుద్ధం. ఆమె డబ్బు మీ చేతిలో ఉంటే, అందులోంచి కడతాననే ఒప్పుకోమనగలరు, అంతవరకే. గొడవలొస్తే కోర్టుకి వెళ్ళం అనే ఆర్బిట్రేషన్ ఒప్పందం కూడా ఆ కట్టలో ఉండే అవకాశం ఎక్కువ. సంతకం పెట్టిన 30 రోజుల లోపు దాన్ని రద్దు చేసుకోవచ్చు, కాబట్టి తేదీ చూసుకోండి.

భోజనం గురించి కూడా రాశారు. మెనూ తయారుచేసేటప్పుడు నివాసుల మతం, సంస్కృతి పట్టించుకోవాలని నిబంధన ఉంది. శాకాహారి అని చెప్పినా ట్రేలో చికెన్ వస్తోందంటే డైటీషియన్‌తో మాట్లాడి కేర్ ప్లాన్‌లో రాయించండి. ఇంటి నుంచి పప్పన్నం, పెరుగన్నం తీసుకెళ్ళొచ్చు, మింగడంలో ఇబ్బంది లేదని మాత్రం ముందు అడగండి. విజిటింగ్ అవర్స్ అయిపోయాయని అమ్మగారి సొంత పిల్లల్ని మామూలుగా ఆపకూడదు.

ఇంటికి తీసుకెళ్ళలేకపోతే అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో సాయం చేసే వసతి, నర్సింగ్ హోం కాదు) చూస్తామన్నారు. అక్కడ లెక్క వేరు. పైన చెప్పిన ఫెడరల్ నర్సింగ్ హోం నిబంధనలు దానికి వర్తించవు, రాష్ట్ర లైసెన్సు చట్టమూ మీరు సంతకం చేసే కాంట్రాక్టే ఆధారం. అందుకే కాంట్రాక్టు ఇంటికి తెచ్చుకుని చదవండి. "లెవెల్ ఆఫ్ కేర్" పెరిగిందంటూ ఎప్పుడు, ఎంత రేటు పెంచగలరో, ఏ స్థితికి వస్తే ఖాళీ చేయమంటారో, ఎన్ని రోజుల నోటీసు ఇస్తారో, ఆసుపత్రిలో చేరితే గది ఉంచుతారో లేదో చూడండి. ఇద్దరు మనుషులు పట్టుకుని లేపాల్సిన వాళ్ళను చాలాచోట్ల చేర్చుకోరు, అమ్మగారి విషయంలో అది ముందే తేల్చుకోవాలి. డబ్బయిపోతే మెడికెయిడ్ తీసుకుంటారా అన్నది కూడా చేరకముందే రాతపూర్వకంగా అడగండి. అంబుడ్స్‌మన్ మాత్రం అసిస్టెడ్ లివింగ్‌కి కూడా పనిచేస్తారు.

మీకు నోటీసు కాగితం చేతికిచ్చారా, లేక నోటితోనే చెప్పారా? కాగితం ఉంటే అందులో ఏ తేదీ ఉందో, ఏ కారణం రాశారో చెప్పండి. లేకపోతే ఈరోజు ఆఫీసు మూసేలోపు వెళ్ళి అడిగి తెచ్చుకోండి.