గాలం మింగిన చేపను వదిలితే బతుకుతుందా?

ప్రశ్న: వేసవి సెలవుల్లో కుటుంబంతో హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూ వెళ్లినప్పుడు తీర్థన్ నదిలో ట్రౌట్ చేపల వేట చూశాను. కొందరు ఈకలతో కట్టిన కృత్రిమ ఈగను గాలానికి వాడి, పడిన చేపను మళ్లీ నీటిలోనే వదిలేస్తున్నారు. మా ఊరి చెరువులో నేను ఎర్రలు (వానపాములు) గుచ్చి పడతాను. చిన్నవాటిని వదిలేస్తున్నా కొన్ని మర్నాటికి చచ్చి తేలుతున్నాయి. లోపం ఎరలో ఉందా, నా చేతిలో ఉందా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: లోపం చాలావరకు ఎరలోనే ఉంది. ఈకల ఈగను నోట కరుచుకున్న ట్రౌట్ అది తిండి కాదని వెంటనే పసిగట్టి ఉమ్మివేయబోతుంది కనుక, గాలం సాధారణంగా పెదవికో దవడ అంచుకో తగులుతుంది. ఎర్ర విషయం వేరు. రుచీ వాసనా నిజమైనవే కాబట్టి చేప దాన్ని మింగేస్తుంది, బెండు పూర్తిగా మునగాలని మీరు ఆగే ఆ కాస్త సేపట్లోనే గాలం గొంతులోకి దిగి మొప్పలను, ఒక్కోసారి గుండెను కూడా చీలుస్తుంది. ట్రౌట్‌పై జరిగిన అనేక పరిశీలనలను 1992లో కలిపి లెక్కవేస్తే, ఎరతో పట్టి వదిలినవాటిలో దాదాపు 31 శాతం చనిపోయినట్లు, కృత్రిమ ఈగతో పట్టినవాటిలో ఆ సంఖ్య 4 శాతానికి లోపే ఉన్నట్లు తేలింది.

ఇక మీ చేతి సంగతి. లోతుగా దిగిన గాలాన్ని ఎన్నడూ లాగి తీయకండి. నోటి దగ్గర దారం కత్తిరించి వదిలితే చేప బతికే అవకాశం చాలా ఎక్కువ. గాలం మొన వెనక ఉండే ములుకును ముందే కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేసుకుంటే, పెదవికి తగిలినది చిన్న మెలికతో ఊడివస్తుంది. చేపను తడి చేత్తోనే, వీలైతే నీటిలోనే పట్టుకోవాలి. పెనుగులాడి అలసిన రెయిన్‌బో ట్రౌట్‌లను 60 సెకన్లు గాలిలో ఉంచి వదిలిన ఒక ప్రయోగంలో 28 శాతమే బతికాయి. అంతే అలసినా గాలిలోకి తీయనివాటిలో 88 శాతం బతికాయి. చేపను ఎత్తిపట్టి ఫొటోకు నవ్వే ఆ ఒక్క నిమిషమే దాని ప్రాణం మీదికి తెస్తుందన్నమాట.

అయితే కులూ పద్ధతిని మన చెరువులకు ఉన్నదున్నట్లు తేవాలని నేననను. ట్రౌట్‌కు 20 డిగ్రీల లోపు చల్లని పారే నీరు కావాలి. 25 దాటితే తట్టుకోలేదు కనుక మీ చిత్తూరు ఎండల్లో దాని ఊసే వద్దు. కులూలో ట్రౌట్ ఏటిలోనే గుడ్లు పెట్టి పెరగగలదు, అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేట ఆపి, పెద్ద చేపలను వదిలి ఆ సంతతిని కాపాడుకోవడంలో అర్థముంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం 1974లో నదుల్లో హాచరీల్లో (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాల్లో) పెంచిన ట్రౌట్‌లను వదలడమే మానేసి, సహజంగా పుట్టినవాటిని నమ్ముకుంది. మన చెరువుల్లో బొచ్చె, రోహు పిల్లలను వానలు పడ్డాక తెచ్చి వదిలేది తినడానికే. వాటిలో మరీ చిన్నవి పడితే వదలండి. జిలేబి చేపను (తిలాపియాను) మాత్రం వదలవద్దు. అది ఇబ్బడిముబ్బడిగా పిల్లలు పెట్టి, తిండి చాలక చెరువంతా బెత్తెడు చేపలతో నింపేస్తుంది.

ఎర్రతోనే పట్టదలిస్తే కూరకు సరిపడా పట్టి గాలం చుట్టేయండి. అంతకుముందు, చెరువు వేలం ఎవరు పాడుకున్నారో వారినొక మాట అడగండి.