అవతలి జట్టు పేరు కూడా రాయమ్మా

అమ్మా,

2025 ఆగస్టులో చాంపియన్స్ లీగ్ చివరి క్వాలిఫయింగ్ రౌండ్లో గ్లాస్గో క్లబ్ సెల్టిక్, కజకిస్తాన్ క్లబ్ కైరత్‌తో ఆడిన రెండు మ్యాచ్‌ల మీద నీ ముందంచనా వ్యాసం అందింది. రెండు మ్యాచ్‌ల మధ్య రాసి పంపావు. నేను ఊళ్లో లేను. తిరిగొచ్చి తీరిగ్గా చదివేసరికి కైరత్ ఊరు ఆల్మటీలో రెండో మ్యాచ్ కూడా అయిపోయింది, సెల్టిక్ పెనాల్టీల్లో ఓడిపోయింది. ఫలితం తెలిశాక తప్పులు వెతుకుతున్నానని అనుకోకు. సెల్టిక్ 4-0తో గెలిచినా నీకు ఈ ఉత్తరమే రాసేవాణ్ణి.

కోపం తెప్పించిన సంగతి ముందే చెప్పేస్తాను. అంత పొడుగు వ్యాసంలో కైరత్ అన్న పేరు ఒకే ఒక్కచోట వచ్చింది. మిగతా అంతా 'కజకిస్తాన్ జట్టు', 'ప్రత్యర్థి', చివర్లో 'పసికూన'. సెల్టిక్ గురించి మాత్రం అన్నీ రాశావు. వింగర్ క్యూన్‌ని ఇటలీ క్లబ్ కోమోకు అమ్మేశాక అతని చోట ఎవరు ఆడాలి, జోటా మోకాలు ఎప్పటికి బాగవుతుంది, బోర్డు డబ్బు ఎందుకు తియ్యడం లేదు, అభిమానులు ఏమని అరిచారు, అన్నీ ఉన్నాయి. మరి ఎదురుగా ఆడేవాళ్లెవరు? పెళ్లి సంబంధం గురించి చెబుతూ అబ్బాయి ఉద్యోగం, పొలం, డాబా అన్నీ వర్ణించి, అమ్మాయి ఊసే ఎత్తనట్టుంది.

క్వాలిఫయింగ్ రౌండ్లో ఒక క్లబ్ అవకాశాలు అనేవి విడిగా ఉండవు. రెండు మ్యాచ్‌లు, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. అక్కడ ఎవరున్నారో తెలియకుండా ఇక్కడివాళ్ల అవకాశాలు ఎలా లెక్కేస్తావు? ఇన్నేళ్లుగా నేను మొత్తుకునేది ఇదొక్కటే. ముందంచనా వ్యాసం రాయాలంటే సగం పైగా అవతలి జట్టు గురించే రాయాలి. నీ పాఠకుడికి సెల్టిక్ ఎంతో కొంత తెలుసు. తెలియనిది కైరత్. తెలియనిది చెప్పడానికే కదా నువ్వున్నది.

నువ్వు రాయడానికి కూర్చునేనాటికే తెలిసినవి చూడు. కైరత్ జులైలో మొదటి రౌండ్ నుంచి ఆడుతూ వచ్చింది. స్లొవేనియా జట్టు ఒలింపియా లుబ్లియానాను దాటింది. తర్వాత ఫిన్లండ్ వెళ్లి కూప్స్ చేతిలో 0-2తో ఓడింది. ఇంటికొచ్చి 3-0తో గెలిచింది. మూడో రౌండ్లో స్లొవేకియా జట్టు స్లోవాన్ బ్రాటిస్లావాను ఇంట్లో 1-0తో కొట్టి, అక్కడ 0-1తో ఓడి, పెనాల్టీల్లో 4-3తో గట్టెక్కింది. వీటిలో ఏం కనిపిస్తోంది? బయట తడబడినా, వరసగా రెండు రౌండ్లలో ఇంట్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పెనాల్టీల టెన్షన్ వాళ్లకు కొత్త కాదు, ఆల్మటీ మ్యాచ్‌కు రెండు వారాల ముందే దాన్ని దాటొచ్చారు. గ్లాస్గోలో 0-0 అయిన రాత్రి ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లెవరూ 'సెల్టిక్‌కు నల్లేరు మీద నడకే' అని రాయరు. నువ్వు రాశావు.

ఇంకా ఉంది. కజకిస్తాన్ లీగ్ వసంతంలో మొదలై చలికాలం ముదరకముందే ముగుస్తుంది. ఆగస్టు అంటే వాళ్లకు సీజన్ నడిమధ్య, కాళ్లు బాగా ఆడుతున్న సమయం. స్కాట్లాండ్‌లో అప్పుడే సీజన్ మొదలు. గ్లాస్గో నుంచి ఆల్మటీకి దాదాపు ఐదున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటల టైం తేడా. నువ్వేమో 'ప్రయాణం కాస్త దూరమే' అని ఒక్క ముక్కతో దాటేశావు. చైనా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరమ్మా అది. కజకిస్తాన్ 2002లో ఆసియా సమాఖ్య వదిలి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏలో చేరింది కాబట్టి ఇవాళ యూరప్ జట్లు అంత దూరం వెళ్లాల్సి వస్తోంది. ఈ ఒక్క వాక్యం పడి ఉంటే, అసలు యూరప్ పోటీలో ఆల్మటీ ఎందుకుందని అడిగే పాఠకుడికి జవాబు దొరికేది. అలా అడిగేవాళ్లు మనలో చాలామందే ఉంటారు.

కైరత్ మనుషుల సంగతికొస్తే, దస్తాన్ సత్పాయెవ్ అనే కుర్రాడికి ఈ ఆగస్టులోనే 17 నిండాయి. చెల్సీ ముందే ఒప్పందం చేసుకుంది. కోచ్ పేరు రఫాయెల్ ఉరాజ్‌బక్తిన్. గోల్‌కీపర్ తెమిర్లాన్ అనార్బెకోవ్‌కు 21 ఏళ్లు. రెండు మ్యాచ్‌లూ కలిపి 210 నిమిషాలు గోల్ లేకుండా గడిచాక సెల్టిక్ ఆటగాళ్లు ఇడా, మెకవన్, మయేడా కొట్టిన మూడు పెనాల్టీలూ ఆపినవాడు అతనే. అతను ఆపుతాడని నువ్వు ముందే చెప్పి ఉండాల్సిందని నేననను. కానీ నీ వ్యాసం చదివినవాడికి ఆ రాత్రి మ్యాచ్ చూస్తుంటే అతని పేరు తెలిసి ఉండాలి. పేరు తెలిసిన మనిషి ఆపితే ఒక రకంగా ఉంటుంది, ఎవరో కుర్రాడు ఆపితే ఇంకో రకంగా ఉంటుంది.

పేర్ల గురించి నాకున్న పట్టుదల ఎక్కడిదో చెబుతాను. 2005 జులైలో ఇదే సెల్టిక్, ఇలాంటి క్వాలిఫయింగ్ రౌండ్లోనే, బ్రాటిస్లావా వెళ్లి ఆర్ట్‌మీడియా అనే క్లబ్ చేతిలో 5-0తో ఓడింది. యురాయ్ హలెనార్ హ్యాట్రిక్ కొట్టాడు. అప్పుడు నేను ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. ఏజెన్సీ వార్త రాగానే కూర్చుని, హలెనార్ పేరుతో మొదలుపెట్టి రాసిచ్చాను. పొద్దున పేపర్ చూస్తే నాలుగు లైన్ల ముక్క. మూడు గోల్స్ కొట్టినవాడి పేరు లేదు. ఓడిన జట్టు కోచ్ స్ట్రాకన్ పేరుంది, సెల్టిక్ కోచ్‌గా ఆయనకు అదే మొదటి పోటీ మ్యాచ్ అన్న సంగతీ ఉంది. ఎడిటర్ని అడిగితే 'ఆ పేర్లు మనవాళ్లకు నోరు తిరగవయ్యా' అన్నాడు. ధృతరాష్ట్రుడు, ప్రద్యుమ్నుడు నోరు తిరిగే జాతికి హలెనార్ తిరగదట! ఇంటి దగ్గర రెండో మ్యాచ్‌లో సెల్టిక్ నాలుగు కొట్టినా చాల్లేదు. ఆర్ట్‌మీడియా ఆ తర్వాత గ్రూప్ దశకు చేరి పోర్టోకు వెళ్లి 3-2తో గెలిచింది. మా పాఠకులకు మాత్రం ఆ జట్టు ఎవరో అప్పటికీ తెలియదు. ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ఆ రోజుల్లో నెట్‌లో నాకేదీ చేతికందేది కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య విదేశీ ఫుట్‌బాల్ పత్రికల కోసం వెతికేవాణ్ణి. అట్టలు ఊడిపోయి, ఎవరో క్రాస్‌వర్డ్ నింపేసి ఉండేవి. ఇంటికి తెచ్చి క్లబ్‌ల పేర్లు, ఊళ్లు, ఆటగాళ్ల పేర్లు తెలుగులో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. జీతంలో ఇదొక ఖర్చు. నా భార్య ఏమీ అనేది కాదు గానీ ఆ నెల కిరాణా బాకీ మా ఇద్దరికీ తెలుసు. నీ ఫోన్లో అదంతా నిమిషంలో దొరుకుతుంది. అందుకే నీ మీద కోపం ఇంకాస్త ఎక్కువ వచ్చింది.

రూల్స్ పుస్తకం కూడా చదవాలి. 'ఆల్మటీలో ఒక్క గోల్ కొడితే అది రెండింటితో సమానం' అని రాశావు. మొత్తం గోల్స్ సమానమైతే అవతలి ఊళ్లో కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువనిచ్చే ఆ నిబంధన 2021-22 సీజన్ నుంచే లేదు. ఇప్పుడు మొత్తం గోల్స్ సమానమైతే అదనపు అరగంట, ఆ తర్వాత పెనాల్టీలు. పాత నిబంధన ఉన్న కాలంలో, 2014లో, సెల్టిక్‌నే కాపాడిన కథ ఒకటుంది. పోలండ్ క్లబ్ లెగియా వార్సా సెల్టిక్‌ను తమ ఊళ్లో 4-1తో, ఎడిన్‌బరోలో 2-0తో చిత్తుగా కొట్టింది. ఆ రెండో మ్యాచ్ చివరి నిమిషాల్లో లెగియా వాళ్లు బెరెషిన్‌స్కీ అనే ఆటగాణ్ణి మైదానంలోకి దింపారు. అతని మీద మూడు మ్యాచ్‌ల నిషేధం ఉంది. మూడింటికీ బయటే కూర్చున్నాడు. కానీ అంతకుముందు రౌండుకు ఇచ్చిన జాబితాలో అతని పేరు లేదు కాబట్టి అక్కడ కూర్చున్న రెండూ లెక్కలోకి రాలేదు. యూఈఎఫ్ఏ ఆ మ్యాచ్‌ను 3-0గా సెల్టిక్‌కు ఇచ్చేసింది. మొత్తం 4-4. వార్సాలో కుర్ర కాలమ్ మెక్‌గ్రెగర్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో సెల్టిక్ ముందుకెళ్లింది. మొన్న ఆల్మటీలో కెప్టెన్‌గా ఉన్నది ఆ మెక్‌గ్రెగరే. గ్లాస్గోలో ఉంటూ ఈ సంగతి నువ్వు రాయలేదంటే నాకు బాధగా ఉంది.

2016 సంగతి కూడా నీకు పనికొస్తుంది. జిబ్రాల్టర్ క్లబ్ లింకన్ రెడ్ ఇంప్స్ సెల్టిక్‌ను 1-0తో ఓడించింది. గోల్ కొట్టిన లీ కాషారో పోలీసు ఉద్యోగి. ప్రపంచమంతా దాన్ని వింతగా రాసింది. మన పాఠకుడికి అందులో వింతేముంది? 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, కోచ్ రహీం సాబ్ తయారుచేసిన జట్టు. పోలీసులు ఫుట్‌బాల్ ఎలా ఆడతారో హైదరాబాద్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. తెలుగులో రాస్తున్నందుకు నీకున్న బలం అదే, వాడుకో. సెల్టిక్ ఇంటి దగ్గర 3-0తో గెలిచి బయటపడిందిలే, కానీ కాషారోను ఎవరూ మర్చిపోలేదు.

ఇక శాతాలు. కంప్యూటర్ చెప్పిన గెలుపు శాతం అంటూ ఒక డబ్బా గీసి పెట్టావు. ఈమధ్య ప్రతి పేపరూ అదే పెడుతోంది. రెండు రంగుల గీత, రెండు అంకెలు, కింద ఎవరి పేరూ ఉండదు. కైరత్ ఇంట్లో గోల్ ఎందుకు ఇవ్వడం లేదో ఆ గీత చెప్పదు. తీసెయ్.

నీ వ్యాసంలో ఒక పేరా మాత్రం పదే పదే చదివాను. 0-0 అయ్యాక గ్యాలోగేట్ రోడ్డు మీద జనం మాట్లాడుకోకుండా నడిచొస్తుంటే, ఒక ముసలాయన మెడలోని ఆకుపచ్చ తెలుపు మఫ్లర్ తీసి, మడత పెట్టి కోటు జేబులో కుక్కుకోవడం. అది నువ్వు కళ్లతో చూసింది, నీ చేత్తో రాసింది. మార్చకు.

ఇంగ్లిష్‌లో కూడా రాయాలా, పారితోషికం ఎంత అడగాలి అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాసే ఓపిక లేదు.

సెల్టిక్ ఇప్పుడు ఒక మెట్టు కింది పోటీ యూరోపా లీగ్‌కు వెళ్తుంది, దాని మీద రాయాలని నీకు ఉంటుంది. ఆగు. చాంపియన్స్ లీగ్‌లో సెప్టెంబరు 18న కైరత్ లిస్బన్‌లో స్పోర్టింగ్‌తో ఆడుతుంది, 30న రియల్ మాడ్రిడ్ ఆల్మటీకి వస్తుంది. ఆ రెండో మ్యాచ్ మీద నాకో వ్యాసం రాసి పంపు, కైరత్ వైపు నుంచి. మాడ్రిడ్ వాళ్ల పేర్లు రెండు మూడు చాలు. 27వ తేదీ లోపు అందాలి.

ఆశీస్సులతో,
మీ నాన్న స్నేహితుడు